పెళ్ళిపొయ్యికి కప్పిన బరకం

నేను ఒక బరకాన్ని. మైనం పట్టించిన మందపాటి ఖాకీ గుడ్డను. బెజవాడలో ఒక కుట్టు మిషను కింద పుట్టి, అయిదేళ్ళు లారీ మీద సిమెంటు బస్తాలకు కాపలా కాశాను. లారీ అమ్ముడుపోయాక బందరు దగ్గరి ఒక పల్లెలో పేరంటాలు అనే ఆవిడ చేతికొచ్చాను. భర్త పోయాక ఆవిడ రెండెకరాలు కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో వరి పండించుకునేది.

మనుషుల్లో నాకు వింతగా తోచే సంగతి ఒకటుంది. రేపటి పనులన్నీ ఈ రోజే ఖాయం చేసుకుంటారు. తీరా రేపు మబ్బు పడితే, మాట ఇచ్చి తప్పినట్టు ఆకాశాన్ని తిడతారు.

ఆ ఏడు మార్గశిరంలో పేరంటాలు వడ్లు నూర్చి కల్లంలో రాశి పోసింది. కల్లం పక్కనే సాంబయ్య ఇల్లు. ఆ రోజే ఆయన కూతురి పెళ్ళి. రెండేళ్ళ కిందట కాలవ నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగి ఆ రెండిళ్ళకూ మాటల్లేవు. పేరంటాలుకు శుభలేఖ కూడా రాలేదు.

వాయుగుండం దక్షిణానికి పోతోందని రేడియోలో చెప్పారు. ఆ మాట నమ్మి సాంబయ్య పెరట్లో, ఆరుబయట పెళ్ళివంటకు గాడిపొయ్యి తవ్వించాడు. పొద్దున ఎనిమిదింటికల్లా వాన అందుకుంది. పేరంటాలు పరుగున వచ్చి నన్ను రాశి మీద కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టింది.

కాసేపటికి సాంబయ్య కల్లం గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. కొత్త పంచె ఒంటికి అతుక్కుపోయింది.

"ఏంటన్నయ్యా, తడుస్తా నిలబడ్డావు?" అంది పేరంటాలు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

"పొయ్యి ఆరిపోతంది చెల్లెమ్మా. అన్నం సగం ఉడికింది. మూడొందల మంది వచ్చి కూర్చున్నారు."

అంతకుమించి అడగలేకపోయాడు. చూపు మాత్రం నా మీదే ఉంది. అంతలోనే తల తిప్పుకుని, "ఊరికే చెప్పానులే. నీ గింజలు తడిపి నేను వంట చేసుకుంటానా?" అంటూ వెనక్కి తిరిగాడు.

పేరంటాలు నా అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఏడాది కష్టమంతా నా కిందే ఉంది మరి.

"ఆగన్నయ్యా. బడి వరండా ఖాళీయేగా. మీవాళ్ళని నలుగుర్ని పంపు. గోతాలకెత్తి అక్కడ పడేద్దాం. ఆ పైన బరకం తీసుకుపో."

నలుగురు కాదు, నలభై మంది వచ్చారు. మగవాళ్ళు నా కొసలు పట్టుకుని రాశి మీద గొడుగులా ఎత్తారు. ఆడవాళ్ళు పట్టుచీరల కొంగులు బిగించి గోతాలు నింపారు. పెళ్ళికొడుకు బాసికంతోనే వచ్చి బస్తాకు భుజం పట్టాడు.

"ముహూర్తం పెట్టుకుని ఈ మోతలేంట్రా?" అని తండ్రి కేకేశాడు.

"అన్నం ఉడకాలిగా నాన్నా!" అంటూ అతను సాగిపోయాడు.

అయినా అడుగున రెండు బస్తాల గింజలు తడిసిపోయాయి. పేరంటాలు గుప్పెడు తీసి చూసుకుంది. కొంగుకు చెయ్యి తుడుచుకుని బడివైపు నడిచింది.

నన్ను నాలుగు గుంజలకు కట్టారు. కింద మళ్ళీ మంట లేచింది. పప్పు ఆవిరి నా గుడ్డకు పట్టింది, నిప్పురవ్వ ఎగిరి నడుమ ఒక చిల్లు పడింది. ముహూర్తం దాటలేదు. పెళ్ళివారు బడి వరండాలో, వడ్ల బస్తాల నడుమ విస్తళ్ళు వేసుకున్నారు.

పేరంటాలుకు సాంబయ్యే వడ్డించాడు. గరిటె చేత్తో పట్టుకుని చాలాసేపు నసిగాడు.

"శుభలేఖలు చాల్లేదు చెల్లెమ్మా..."

"పప్పు బాగుందన్నయ్యా. ఇంకాస్త వెయ్యి" అంది పేరంటాలు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నా మైనం కరిగిపోయింది. వాన ఆపే సత్తువ నాకిప్పుడు లేదు. పేరంటాలు నన్ను వాకిట్లో పరిచి మినుములు ఎండబెట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ వానకు ఎదురు నిలిచినదాన్ని, ఈ వయసులో ఎండ సుఖం తెలిసింది. సాంబయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. వానొచ్చిద్దని ఆయనంటే రాదని ఆవిడంటుంది. సామాన్యంగా ఇద్దరి మాటా సగమే నిజమవుతుంది.

మొన్న నాలుగు చినుకులు పడ్డాయి. చెరో కొసా పట్టుకుని, రొప్పుతూ, మినుములతో సహా నన్ను వసారాలోకి లాక్కొచ్చారు. అంతలోనే ఫెళ్ళున ఎండ కాసింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నన్ను మళ్ళీ మెల్లగా వాకిట్లోకి లాగారు.