అక్షరాలకు ఉద్వాసన

హిందూపురం చింతపండు మండీలో గుమాస్తాగా ఉన్న చెన్నకేశవులు ఇంట్లో గిన్నెలకు కొదవ లేదు. వాటిని ముట్టుకునే వీలుకే కొంచెం కొదవ. ఇత్తడి, కంచు, రాగి అన్నీ కొట్టుగదిలో ఉండేవి. కొట్టుగది తాళంచెవి ఆయన తల్లి యశోదమ్మ నడుముకు ఉండేది. కోడలు రుక్మిణమ్మ గుప్పెడు చెనిక్కాయలు ఆరబెట్టుకోవాలన్నా వెళ్ళి అడగాలి. అడిగితే యశోదమ్మ లేదనే మనిషి కాదు. ఎందుకు, ఎంతసేపు, మొన్న తీసుకున్నది తోమి ఇచ్చావా అని విచారించి, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, తాళం తీసి, కావలసినదానికంటే ఒక చుట్టు చిన్నది ఇచ్చేది.

రుక్మిణమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాను ఆడబిడ్డ పెళ్ళిలో ఆడబిడ్డ వెంట కదిరికి వెళ్ళిపోయింది. దాని గురించి ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. అయితే ఆ ఇంట్లో అడగకుండా చెయ్యి చాచి తీసుకోగలిగినది ఒక్కటుంటే చాలునని ఆమెకు కొన్నాళ్ళుగా పట్టుకుంది. వెండిది కానక్కరలేదు, చూడ్డానికి బాగుండనక్కరలేదు. యుద్ధం వచ్చినప్పటినుంచి ఇత్తడి అంగడిలో ధర అడిగినవాళ్ళు అడిగినంత వేగంగా బయటికి వస్తున్నారు కాబట్టి కొనే మాట లేదు.

ఇలా ఉండగా దాయాదుల పెళ్ళికి చీర తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ ధర్మవరం వెళ్ళారు. మగ్గం ఉన్న ఇంట్లో చాప పరిచి కూర్చోబెట్టి, నేతగాని భార్య నల్లమ్మ ఒక గంపలో బొరుగులు తెచ్చి ముందు పెట్టింది. బొరుగులు తిందామని గంప దగ్గరికి లాక్కున్న రుక్మిణమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంత గంప, బరువే లేదు. వెదురు కాదు, ఈతాకు కాదు, ఎక్కడా అల్లిక లేదు. వేలితో కొడితే ఎండిన సొరకాయ బుర్రలా మోగింది.

ఇది ఏ చెట్టుదని ఆమె అడిగింది.

"చెట్టు యాడిదక్కా, కాగితం" అంది నల్లమ్మ.

ఆ తరువాత చీరల సంగతి రుక్మిణమ్మకు పట్టలేదు. చెత్త కాగితాలు చించి మెంతులు వేసి నానబెట్టాలట. మెత్తబడ్డాక రోట్లో వేసి వెన్నలాగా దంచాలట. ఆ ముద్దను బోర్లించిన బిందె మీద తట్టి, నీడన ఆరబెట్టి, ఊడదీసి, చింతగింజల పిండి ఉడికించి పైన పూయాలట. మెంతుల చేదుకు పురుగు రాదు. నానింది మరీ ఎక్కువ రోజులుంచితే మాత్రం కుళ్ళిపోతుంది, జాగ్రత్త అని కూడా చెప్పింది. ఈ లోపల చెన్నకేశవులు తన బుద్ధికి తోచిన చీర ఒకటి తీసుకున్నాడు. దాని రంగు గురించి ఇక్కడ చెప్పకపోవడమే మంచిది.

ఇంటికి వచ్చి రుక్మిణమ్మ విషయం అత్తకు చెప్పింది. కాగితానికి దుడ్లు పెట్టనక్కరలేదు, చింతగింజలు మండీలో కాళ్ళ కింద పడి ఉంటాయి, మెంతులు పిడికెడు. యశోదమ్మ అంతా విని ఒక్క మాట అడిగింది.

"అక్షరాలను రోట్లో ఏసి దంచుతావా? సరస్వతిని రోకలితో పొడిచినట్ల కాదామ్మే?"

రుక్మిణమ్మ పెనుకొండ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి అయినా, కాలికి కాగితం తగిలితే ఆమె చెయ్యి ఆమెను అడగకుండానే కళ్ళ దాకా పోయేది. ఇక యశోదమ్మకు చదువే రాదు. చదువు వచ్చినవాళ్ళకు పత్రికల్లో ఏమేం రాస్తారో తెలుసు కాబట్టి భక్తి కొంత పలచబడుతుంది. యశోదమ్మ భక్తికి ఆ ప్రమాదం లేదు.

దాంతో అక్షరం లేని కాగితం కోసం వేట మొదలైంది. వెతకడం మొదలుపెట్టాక గాని లోకంలో అలాంటి కాగితం ఎంత తక్కువో రుక్మిణమ్మకు తెలియలేదు. బడిపిల్లలు పెన్సిలుతో రాసినదాని మీదే మళ్ళీ సిరాతో రాస్తున్న కాలం. పట్టుచీర మడతల్లో పెట్టే పలచని కాగితాలు కూడబెట్టి నానబెడితే నిమ్మకాయంత ముద్ద అయింది. నల్లమ్మ ఎవరి చేతో చీర అంచుల బొమ్మలు గీసే గళ్ళ కాగితాలు కొన్ని పంపింది. చిలకలూ మామిడిపిందెలూ అక్షరాలు కావని యశోదమ్మ ఒప్పుకుంది. కాని మూలల్లో అంకెలున్నాయి. అంకెలు మాత్రం ఎవరి బిడ్డలని ఆమె అడిగింది. గళ్ళ కాగితాలు అటక ఎక్కాయి.

చెన్నకేశవులు మధ్యస్థం చేయబోయాడు. మండీ యజమాని ఇంట్లో ఇంగ్లీషు పేపర్లు ఉన్నాయని, ఇంగ్లీషులో సరస్వతి ఉండదని, తనకు బాగా తెలుసునని తల్లికి చెప్పాడు. యశోదమ్మ చాలాసేపు ఆలోచించింది.

"కోర్టు కాగితం ఇంగ్లీషులో వస్తే మీ నాయన లేచి నిలబడి తీసుకుంటా ఉండె. ఎవురో ఒకరు ఉండారప్పా దాంట్లో" అంది. ఆ సంగతి అంతటితో ముగిసింది.

ఆ నెలలోనే పెనుకొండలో యశోదమ్మ తమ్ముడు తిమ్మరాజు ఇల్లు సున్నం కొట్టిస్తూ, చెదలు పట్టబోతున్న పాత తెలుగు పత్రికల కట్ట ఒకటి మేనల్లుడికి అంటగట్టాడు. పెద్ద గంపకు సరిపోయేంత కాగితం. ప్రతి వేలెడు జాగాలోనూ సరస్వతి. దాన్ని చావడిలో పెట్టుకుని రుక్మిణమ్మ రోజూ దాని చుట్టూ తిరిగేది.

వినాయక చవితి వెళ్ళిన మరుసటి వారం ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, ఏమీ ఎరగనట్టు అత్తను అడిగింది.

"మొన్న వినాయకుణ్ణి బాయిలో ఏస్తిమి కదత్తా. పాపం కాలేదా?"

"ఉద్వాసన చెప్పినాంక ఇంక దేవుడు యాడుంటాడు? ఒట్టి మన్నే కదా."

రుక్మిణమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. యశోదమ్మ ఆకు వక్క నములుతూ చావడి వైపు చూసింది. నమలడం ఆగింది. మళ్ళీ మొదలైంది.

శుక్రవారం పొద్దున్నే యశోదమ్మ తలంటుకుని, పీట కడిగి, ముగ్గు వేసి, పత్రికల కట్టను దాని మీద పెట్టించింది. పసుపు, కుంకుమ, చేమంతిపూల దండ, అరటిపండ్లు, కర్పూరం. కోడలు వేసిన ఎత్తును ఆమె అంత శ్రద్ధగా అందుకుంటుందని కోడలు అనుకోలేదు. నవ్వు వస్తుందేమోనని ముందే భయపడ్డ రుక్మిణమ్మకు తీరా హారతి ఇచ్చేవేళకు చేతులు వాటంతటవే జోడయ్యాయి. వ్రతం చివర కలశాన్ని కదిలించినట్టు యశోదమ్మ వేళ్ళతో కట్టను ఉత్తరం వైపుకు రవ్వంత జరిపి, తల్లీ, నీ చోటికి నువ్వు పోయి రా అని చెప్పింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చెన్నకేశవులు, మేనమామ ఇంటి కట్టకు పూలదండ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పెనుకొండ మామకేమన్నా అయిందా?" అని మెల్లగా అడిగాడు.

కట్టను చించి, పెరట్లో పెద్ద కుండలో మెంతులతో నానబెట్టారు. యశోదమ్మ షరతు ఒకటే. ఉద్వాసన చెప్పాం కాబట్టి అక్షరాలు పోతాయి. ఆఖరు అక్షరం పోయాక దంచవచ్చు. చేతితో రాసిన సిరా నాలుగు చినుకులకే కారిపోవడం ఇద్దరూ చూసినవాళ్ళే, కనుక ఇద్దరికీ అనుమానం రాలేదు. కాని అచ్చు సిరా తీరు వేరు. కాగితం నాని పీలికలైపోయినా, అక్షరాలు మాత్రం సుఖంగా స్నానం చేసి కూర్చున్నట్టు ఎక్కడివక్కడే ఉన్నాయి.

యశోదమ్మ రోజూ చేటలో కొంత తీసి పరీక్ష చేసేది. చదువు రాదు గనుక, ఏది అక్షరమో ఏది మరకో కోడలినే అడగాలి. రుక్మిణమ్మకు గంప కావాలి.

"ఇదేమి?"

"మురికత్తా."

"ఇది?"

"అదీ మురికే."

పరీక్షలు అలా కొన్నాళ్ళు సాఫీగా సాగాయి. ఇంకొక్కరోజులో దంచేద్దామని రుక్మిణమ్మ రోలు కూడా కడిగి పెట్టుకుంది. ఆ పొద్దున అత్త పెరట్లోకి పిలిచింది. చేట మీద పీలికలు వరసగా పరిచి ఉన్నాయి.

"ఇట్ల రామ్మే. ఈ మురికి చూడు, తోకట్ల ఉండాది. ఇదో, దీనికీ అదే తోక. ఇదో, ఈడ కూడా. మురికి ఇన్ని చోట్ల ఒకే తీరున పడతాదా?"

రుక్మిణమ్మ చేట వైపు చూసింది, నేల వైపు చూసింది.

"అది 'త' అత్తా."

యశోదమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా పోయేది. ఆ పీలికను కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "మరి దీని పక్కనుండేది?" అని అడిగింది.

"'ల'."

ఇక ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు పెరట్లో కుండ పక్కన బడి నడిచింది. యశోదమ్మకు గుర్తు పట్టడం మీద ఆశ పుట్టింది. కొత్త పీలిక తీసినప్పుడల్లా లోపల ఏముందో అని పిల్లలు పొట్లం విప్పినట్టు విప్పేది. 'న' తలపాగా పెట్టుకుందని, 'మ' తిన్నగా కూర్చోవడం రాని మనిషని ఆమెకు తోచింది. చెప్పే కొద్దీ రుక్మిణమ్మకూ హుషారుగానే ఉండేది. తాను చేస్తున్న పని ఏమిటో ఆమెకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఇంతకు ముందు అత్త కంటికి మరకగా పోయినదల్లా ఇప్పుడు అక్షరమై పైకి వస్తోంది. ఆమె నేర్చిన కొద్దీ కుండలో అక్షరాలు పెరుగుతున్నాయి. ఈ లెక్కన అత్తకు ఓనమాలన్నీ వచ్చేసరికి గంప ఆశ వదులుకోవలసిందే.

కుండ వాసన వేయడం మొదలైంది. చెన్నకేశవులు తన భోజనాన్ని వీధి వసారాలోకి మార్చుకున్నాడు. పక్కింటి అంజినమ్మ గోడ మీదుగా తొంగి చూసి, చచ్చిన ఎలుక ఏదైనా ఉందేమో చూసుకోమని సలహా చెప్పింది. నల్లమ్మ హెచ్చరిక రుక్మిణమ్మకు గుర్తొచ్చింది. రేపో ఎల్లుండో చెడిపోతే అంతా దిబ్బలో పోయాలి. మళ్ళీ ఇంత కాగితం ఈ యుద్ధంలో ఎవరిస్తారు? కుళ్ళిపోతుంది అత్తా అని ఆమె రెండుసార్లు చెప్పి చూసింది. ఉండనీ అంది యశోదమ్మ, తల ఎత్తకుండానే.

ఆ మర్నాడు యశోదమ్మకు పెద్ద అక్షరాల పీలిక ఒకటి దొరికింది. ఎండకు పట్టుకుని, కళ్ళు చికిలించి, నోరు కదిపింది.

"త... ల... తల." పీలికను కోడలి ముందుకు చాచింది. "తల అని ఉండాది కదామ్మే? ఎవురి తల?"

రుక్మిణమ్మ వంగి చూసింది. "తలనొప్పి అత్తా. మందు అమ్మేవాళ్ళు ఏయించింది."

"పొద్దుట్నించి నాకుండేది అదే" అంది యశోదమ్మ, కణతలు నొక్కుకుంటూ.

ఆమె ఆ పీలికను చేటలో పెట్టలేదు. కాసేపు వేళ్ళ మధ్య పట్టుకుని, తిరిగి కుండలోనే వేసింది.

"దంచు" అంది.

రుక్మిణమ్మ నోరు మూసుకుని రోలు దగ్గరికి పోవలసింది. ఉండబట్టలేక అడిగేసింది. "అక్షరాలు ఇంకా ఉండాయి కదత్తా?"

"ఉద్వాసన చెప్తే దేవుడు యాడికి పోతాడు? పూజ చేసినోళ్ళ లోపలికే కదా వచ్చేది. 'త' నాకొచ్చింది. 'ల' వచ్చింది. ఇంక కుండలో ఉండేది ఒట్టి కాగితం."

ఇంకా రాని అక్షరాల సంగతి ఏమిటని రుక్మిణమ్మ అడగలేదు. ఆమె చదువు ఆమెకు ఆ మాత్రం ఉపయోగపడింది.

దంచడానికి అత్త కూడా ఒక చెయ్యి వేసింది. బిందె కోసం కొట్టుగది తాళం తీసి, ఎందుకని అడగకుండా పెద్ద బిందెనే ఇచ్చింది. ముద్ద తట్టి, ఆరబెట్టి, చింతగింజల పిండి పూస్తే, గంప బూడిద రంగులో, ఒక పక్కకు ఒరిగి, ఎవరితోనో మాట్లాడబోతున్నట్టు తయారైంది. వేలితో కొడితే మోగింది కూడా. రుక్మిణమ్మ దాన్ని వంటింటి గూటిలో పెట్టుకుంది. మొదటి రోజంతా అవసరం లేకపోయినా తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. చెనిక్కాయలు పోసింది, పారబోసి చింతపండు పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు.

దసరా ముందర తిమ్మరాజు ఇంకొక కట్ట పంపాడు. ఆ సాయంత్రం యశోదమ్మ వంటింటి గడపలో వచ్చి నిలబడింది.

"ఏమ్మే, ఆ గంప నాకియ్యి. ఈ పేపర్లు దాంట్లో ఏసుకుని మంచం కింద పెట్టుకుంటా. నేను చూసేలోపల నువ్వు నానబెట్టేస్తావని భయంగా ఉండాది."

రుక్మిణమ్మ గంపలో పోసి ఉన్న చెనిక్కాయల వైపు చూసింది. గరిటె కింద పెట్టింది.

"ఇయ్యనత్తా" అంది.

ఆ మాట ఆ ఇంట్లో కోడలి నోట వినిపించడం అదే మొదలు.  యశోదమ్మ కోడలినీ, గూటినీ చూసింది. తాళంచెవి మోసే మనిషికి ఎవరి వస్తువు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. 

"అయితే నాకొకటి చేసియ్యి."

"దేంతో చేసేది? ఉండే కాగితాలన్నీ నువ్వు చదవాల్సినవేనంటివి."

ఇద్దరూ చావడిలో కట్ట ముందు కూర్చుని బేరం కుదుర్చుకున్నారు. యశోదమ్మ చదివినంత మేరకు చించి కోడలికి ఇస్తుంది, ఇచ్చినంత మేరకు కోడలు నానబెడుతుంది, కట్ట అయ్యేసరికి అత్తకు గంప. యశోదమ్మ వెంటనే పై పత్రిక ఒడిలో పరుచుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. దీపం వెలిగించే వేళకు వేలు మొదటి పంక్తిలోనే ఉంది. ఆ నడక చూస్తే యుద్ధమే ముందు ముగిసేట్టుందని రుక్మిణమ్మకు అనిపించింది.