నిలబడ్డ కాలు

అన్యాయం జరిగింది ఎవరికి? పెద్ద లాండ్రీలో తొమ్మిదేళ్లు ఆవిరి ఇస్త్రీ యంత్రం నడిపి, అందరిచేతా ప్రెస్సక్క అనిపించుకున్న మనిషికి. ఏమిటా అన్యాయం? ఎడమ మోకాలు నొప్పి అన్నందుకు సూపర్‌వైజరమ్మ ఆమెను ఇరవై ఇద్దరి ముందు నిలబెట్టి, "పని ఎగ్గొట్టడానికి నాటకాలు" అన్నారు. ఆ మాటే రిజిస్టరులోకీ ఎక్కించి, ఆమెను దుప్పట్లు మడతపెట్టే బల్లకు మార్చారు.

మడతబల్ల నీచమని కాదు. చొక్కా కాలరును ఒక్క నొక్కుతో నిలబెట్టగల చేయి అక్కడ ఊరికే పడి ఉంది. రెండేళ్లు గడిచినా అందరూ ప్రెస్సక్కా అనే పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమనేది.

మోకాలికి పట్టీలు కట్టింది, ఎక్స్‌రేలు తీయించింది. ఎముక బాగానే ఉందని ప్రతి డాక్టరూ అభయమిస్తుంటే, ఆమెకు మాత్రం తల కొట్టేసినట్లయ్యేది. లోపమే లేకపోతే మరి నాటకమనే కదా!

చివరికి ఆడపడుచు ఆమెను ఫిజియోథెరపీ గదికి లాక్కెళ్లింది.

"మీరు పనిలో ఎలా నిలబడతారో చూపించండక్కా," అంది అక్కడి అమ్మాయి.

ఇస్త్రీ యంత్రానికి కుడివైపుండే పెడల్ అక్కడ ఉన్నట్లే ప్రెస్సక్క గాలిలో కుడి పాదం మోపింది. ఒళ్లు బరువంతా ఎడమకాలి మీదికి ఒరిగి, తుంటి పక్కకు పొడుచుకొచ్చింది. తరువాత ఆ అమ్మాయి ఆమెను అద్దం ముందు ఎత్తుపీట ఎక్కించి, కుడికాలు మెల్లగా కిందికి దించమంది. ఎడమ మోకాలు లోపలికి వాలిపోయింది.

"చూశారా? తుంటి పక్క కండరం నీరసించింది. తొడ లోపలి కండరం బిగుసుకుపోయి లాగుతోంది. మధ్యలో మోకాలు నలిగిపోతోంది."

"అంటే అమ్మకీ నీకూ మధ్య మా అన్నయ్యలాగన్నమాట, వదినా!" అంది ఆడపడుచు.

ప్రెస్సక్క పకపకా నవ్వింది. నొప్పికి కారణముందన్న ఒక్క మాటతో సగం నొప్పి తీరినట్లనిపించింది.

ఆనాటి నుంచి పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం, తొడలకు రబ్బరు పట్టీ వేసుకుని అడ్డంగా నడవడం. మొదటి వారం కాలు గడగడలాడింది.

"తొమ్మిదే అయ్యాయి. పది అని నన్ను మాయ చెయ్యకు, వదినా!" అంటూ ఆడపడుచు పక్కనే కూర్చుని లెక్కపెట్టేది.

మూడు నెలలకు పీట దిగితే మోకాలు నిటారుగా నిలిచింది. మర్నాడే ఆమె సూపర్‌వైజరమ్మ ముందుకు వెళ్లింది.

"నన్ను నమ్మక్కర్లేదమ్మా. గంటసేపు ఆ పెడల్ మీరే తొక్కండి."

సూపర్‌వైజరమ్మ పౌరుషం గల మనిషి. తొక్కారు. పావుగంటకే ఆమె తుంటి ఎడమకు ఒరిగింది, అరగంటకు చేయి మోకాలి మీదికి వెళ్లింది. గంట నిండాక మెకానిక్కును పిలిచి, పెడల్‌ను ఏ కాలితోనైనా తొక్కేలా మధ్యకు జరపమన్నారు. ప్రెస్సక్కను తన గదిలోకి తీసుకెళ్లి, రిజిస్టరులో ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టారు.

"రేపటి నుంచి నీ యంత్రం నీదే. పొరపాటైపోయింది, ఇక మర్చిపో."

ప్రెస్సక్క కదలలేదు. "ఆ మాట అందరి ముందూ అన్నారమ్మా. గదిలో వెనక్కి తీసుకుంటే ఎలా?"

సూపర్‌వైజరమ్మ కుర్చీలోంచి లేచారు. బయటికొచ్చి యంత్రాలన్నీ ఆపించారు.

"ఈవిడ నాటకమాడలేదు. తప్పు నాది."

"మాకు వినపడలేదు!" అని అరిచారు వెనక బల్లవాళ్లు.

ఆవిడ గొంతు సవరించుకుని, గోడలు మారుమోగేలా మళ్లీ చెప్పారు. రెండేళ్ల బాకీ పూర్తిగా తీరింది.