ఆఖరున ఎక్కినవాళ్లు

బయటి జాలీ తలుపు లాగి, లోపలిది లాగి, రెండూ సరిగ్గా పడ్డాయో లేదో మోచేత్తో ఒకసారి అదిమి చూసి, భద్రయ్య మూడో నంబరు బటన్ నొక్కాడు. లిఫ్టు ముందు ఒక బెత్తెడు కిందికి దిగి, కాస్త ఆలోచించుకుని, అప్పుడు పైకి కదిలింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ బెత్తెడుకే హడలిపోయి గోడ పట్టుకుంటారు. భద్రయ్యకు ముప్ఫై ఏడేళ్ల అలవాటు. ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఆ నాలుగంతస్తుల కాంప్లెక్సు కట్టినప్పుడు లిఫ్టూ అతనూ ఒకే వారంలో వచ్చారు. ఇద్దరిలో ఎవరికి ముందు సెలవిస్తారో చూడాలని కింద బేకరీవాళ్లు నవ్వులాటకు అంటుంటారు.

మనిషి బక్కపలచన. ఖాకీ చొక్కా భుజాల మీద కాక ఎముకల మీద వేలాడుతుంది. తలుపులు లాగీ లాగీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. అరచేతి గీతల్లో ఇంకిన గ్రీజు ఏ సబ్బుకూ లొంగదు. యాభై తొమ్మిదేళ్లకు యాభై మూడు కిలోలు, పెళ్లినాడూ అంతే.

అతని తల వెనక ఇత్తడి రేకు మీద చెక్కి ఉంటుంది: ఎనిమిది మంది, ఐదు వందల నలభై నాలుగు కిలోలు. అంటే తలకు అరవై ఎనిమిది. మొదట్లో ఆ లెక్క విని భద్రయ్య నవ్వుకున్నాడు. ఆ రోజుల్లో అరవై ఎనిమిది కిలోల మనిషి కనపడితే ఏ సేటో, ఏ కాంట్రాక్టరో అయి ఉండాలి. టైపు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎనిమిది మందీ ఎక్కి, పైన భద్రయ్య ఎక్కి, వాళ్ల మధ్య ఒక టైపు మిషనును ఇరికించినా లిఫ్టు కిక్కురుమనేది కాదు. పదమూడేళ్ల కిందట, బరువు మించితే మోగే బజర్ ఒకటి పెట్టించారు. అది మోగుతుందో లేదో చూడటానికి ఆవేళ బియ్యం బస్తాలు ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు బస్తాల అవసరం లేదు. ఏడుగురు ఎక్కితే మోగుతుంది, ఒక్కోనాడు ఆరుగురికే.

నాలుగో అంతస్తు షుగర్ డాక్టరు లిఫ్టు గోడకు ఒక కాగితం అంటించాడు. దేశంలో ఇరవై ఏళ్ల కిందట ఎనిమిది మంది ఆడవాళ్లలో ఒకరు లావట, ఇప్పుడు నలుగురిలో ఒకరట. చదివినవాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుంటారు. భద్రయ్యకు ఆ సంగతి కాగితం చెప్పక్కర్లేదు. రెండో అంతస్తులో ఒకప్పుడు టానిక్కుల ఏజెంటు ఉండేవాడు. అతని తలుపు మీద రెండు బొమ్మలు, ముందు ఎముకల గూడు లాంటి మనిషి, పక్కన బుగ్గలు పొంగిన మనిషి. ఇప్పుడు ఆ గదిలో ఒళ్లు తగ్గించే సెంటరు ఉంది. దాని తలుపు మీదా అవే రెండు బొమ్మలు, వరస మారిందంతే.

పదిన్నరకు సుబ్బరాజుగారు వచ్చారు. భీమవరం వైపు నుంచి వచ్చి నాలుగో అంతస్తులో ఆడిటింగ్ ఆఫీసు పెట్టుకున్న పెద్దమనిషి, బిల్డింగు సంఘానికి సెక్రటరీ. లిఫ్టులో ఇద్దరే ఉన్నారు.

"భద్రయ్యా, మొన్న మళ్లీ నువ్వు దిగిపోయావటగా," అన్నారు.

"బజర్ కొట్టింది సార్."

"కొడితే ఆఖర్న ఎక్కినవాళ్లని దింపాలయ్యా. నువ్వు దిగిపోయి లిఫ్టు జనం చేతిలో పెడితే ఎలాగ? నీ వయసులో నాలుగంతస్తులు పరిగెత్తడం ఒకటి. డాక్టరుగారు వద్దన్నారా లేదా?"

"అన్నడు సార్."

"మరి? ఇదే చివరిసారి చెప్పడం. ఇంకోసారి దిగావంటే మర్నాటి నుంచి రానక్కర్లేదు. కోపంతో అంటున్న మాట కాదు ఇది."

నిజంగానే కోపం లేదు. అందుకే భద్రయ్యకు ఎక్కువ భయమేసింది. "అట్లనే సార్," అన్నాడు. అన్నాడు గానీ, 'దిగాలె' అనే ఆ ఒక్క మాట తన నోటి నుంచి రాదని అతనికి తెలుసు.

అతని భార్య విజయమ్మ కాపురానికి వచ్చినప్పుడు ముప్ఫై ఎనిమిది కిలోలు. మౌలాలి రైల్వే కాలనీ వెనక ఒంటిగది ఇంట్లో ఆమె బిందె ఎత్తుతుంటే చూసేవాళ్లకే నడుం పట్టేసేది. "నా బిడ్డకు కడుపుకింత పెడుతున్నవా లేదా," అని అత్తగారు అడిగితే భద్రయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. టానిక్కుల ఏజెంటును బతిమాలి సీసాలు తెచ్చి, పూటకు రెండు చెంచాలు దగ్గరుండి తాగించాడు. టానిక్కుకు రాని ఒళ్లు తర్వాత దానంతటదే వచ్చింది. నల్లా ఇంట్లోకి వచ్చింది, మిక్సీ వచ్చింది, నూనె ప్యాకెట్లు వచ్చాయి, టీవీ వచ్చింది. విజయమ్మ ఒళ్లు చేసిందని వాడకట్టు ఆడవాళ్లు అంటుంటే భద్రయ్య తనను మెచ్చుకున్నట్టే మురిసిపోయేవాడు. ఆ మురిపెం తీరకముందే మోకాళ్లు పట్టుకున్నాయి, షుగరు పట్టుకుంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక సోమవారం, పై అంతస్తు డాక్టరుకు చూపిస్తానని రమ్మన్నాడు. "అందరి ముంగట నాకు సిగ్గయితది," అంది ఆమె. "నేనుంట కద లిఫ్ట్ల, పరేషాన్ ఎందుకు," అన్నాడు. ఆమె ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. లిఫ్టాయన భార్య నలుగురినీ తోసుకుని ఎక్కితే బాగుండదని అందరినీ ఎక్కనిచ్చి ఆఖరున కాలు పెట్టింది. బజర్ మోగింది. లిఫ్టులో ఉన్నవాళ్లందరూ ఆమెవైపు చూశారు. తన ఇంటి మనిషని వెనకేసుకొచ్చాడని ఎక్కడ అంటారోనని భద్రయ్య ఆమె ముఖం చూడలేదు. "ఆఖరుకు ఎక్కినోళ్లు దిగాలె అమ్మా," అన్నాడు.

కట్టుకున్న భార్యను, ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచినట్టు, అమ్మా అన్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, దిగింది.

ఇంకో ట్రిప్పుకు ఎక్కుతుందిలే అనుకున్నాడు. హాల్లో జనం చూపులకు నిలబడలేక ఆమె మెట్లెక్కింది. కిందికి వచ్చి చూస్తే కనపడకపోయేసరికి, అలిగి ఇంటికి పోయిందనుకుని నిశ్చింతగా రెండు ట్రిప్పులు తిప్పాడు. ఆ రెండు ట్రిప్పులసేపూ విజయమ్మ రెండో అంతస్తు దాటాక వచ్చే మలుపులో, కిటికీ కింది మెట్టు మీద కూర్చునే ఉంది. ఊడ్చే సుమిత్ర పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పేటప్పటికి ఆమె చేతిలో డాక్టరు దగ్గర చూపించాల్సిన చీటీ ఉంది, ఒంట్లో ప్రాణం లేదు.

అప్పటినుంచి బజర్ మోగినప్పుడల్లా భద్రయ్యే దిగుతున్నాడు. కింద పనుందనో, టీ తాగలేదనో ఏదో ఒకటి గొణిగి మెట్లెక్కుతాడు. నాలుగో అంతస్తులో తలుపు బిగుసుకుపోతుంది, లోపలినుంచైనా బయటినుంచైనా అతని చెయ్యి పడితే తప్ప రాదు. అందుకని లిఫ్టుకంటే ముందు చేరాలి. ఎంత తొందరలో ఉన్నా ఆ మలుపు దగ్గర మాత్రం గోడవైపు అడుగు వేయడు. అక్కడ ఎవరో ఆయాసపడుతున్నట్టు, గాజులు మెట్టుకు తగిలినట్టు వినిపిస్తుంది. కొన్నాళ్లు చెవుల జబ్బనుకున్నాడు. ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు.

ఒక్కోసారి నలుగురే ఎక్కినా బజర్ మోగుతుంది. స్ప్రింగు అరిగిందంటాడు మెకానిక్. దయ్యమెక్కిందని కుర్రకారు నవ్వుతారు. భద్రయ్య నవ్వడు. కొంచెం మూలకు ఒదిగి, పక్కన ఒక మనిషి నిలబడేంత జాగా వదులుతాడు. అలా వదిలాక మోత ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి, అబద్ధం కాదు.

సాయంత్రం నాలుగున్నరకు క్లినిక్ రద్దీ మొదలైంది. లిఫ్టులో ఆరుగురు ఎక్కారు, వాళ్లలో సుబ్బరాజుగారు ఒకరు. భద్రయ్యతో ఏడుగురు. హాల్లో ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, భారీ మనిషి, గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తోంది. అంతకుముందు రెండు ట్రిప్పులు వదిలేసిందని భద్రయ్య గమనించాడు. పేరు హిమజ అని క్లినిక్ ఫైలు మీద రాసుంది.

"రా బిడ్డా, జాగా ఉంది," అన్నాడు.

"పర్లేదు అంకుల్, నెక్స్ట్ ట్రిప్‌లో వస్తా."

"ఎనిమిది మందికి జాగా. నువ్వొస్తే ఎనిమిది. రా."

ఆమె ఫైలు గుండెలకు అదుముకుని కాలు పెట్టింది. బజర్ మోగింది. ఆరు ముఖాలు ఆమెవైపు తిరిగాయి, ఎవరో సన్నగా నవ్వారు. ఆమె తలెత్తకుండానే కాలు వెనక్కి తీస్తోంది. రమ్మని బలవంతం చేసింది తనే, ఆనాడు విజయమ్మను రమ్మన్నట్టే.

"భద్రయ్యా, చెప్పవయ్యా," అన్నారు సుబ్బరాజుగారు మెల్లగా.

భద్రయ్య ఆయన వైపు చూశాడు. రేపటినుంచి ఎక్కడికి పోవాలన్నది ఒక్క క్షణం మెదిలి, పోయింది.

"నువ్వు ఆగు బిడ్డా. నేను దిగుతున్న. నా బరువే ఎక్కువైంది," అని, ఆమెను దాటుకుని బయటికి వచ్చి, జాలీ తలుపు తనే వేశాడు. మోత ఆగిపోయింది.

మెట్లెక్కాడు. మొదటి అంతస్తుకే రొమ్ములో ఏదో పట్టేసింది. మలుపు దగ్గర అలవాటుగా గోడవైపు వదిలి, కమ్మీ పట్టుకుని పైకి పాకినట్టు వెళ్లాడు. నాలుగో అంతస్తులో తలుపు వెనక అందరూ నిలబడి ఉన్నారు. రెండు చేతులతో లాగితే వచ్చింది. హిమజ ఆఖరున దిగింది.

"నా వల్ల మీకు ప్రాబ్లం అయింది అంకుల్."

"నీతోని ఏం గాలె. మిషను పాతగయింది," అన్నాడు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

సుబ్బరాజుగారు ఏదో గట్టిగా అనబోయి అతని ముఖం చూసి ఆగిపోయారు. "చెమటలేంటయ్యా అలా? లిఫ్టు వాచ్‌మన్‌ చూసుకుంటాడు, నువ్వెళ్లి కాసేపు కూర్చో. మిగతాది రేపు మాట్లాడదాం," అని ఆఫీసులోకి వెళ్లారు.

భద్రయ్య మెట్లు దిగాడు. మూడో అంతస్తు దాటి మలుపు దగ్గరికి వచ్చాక ఇక కాళ్లు సాగలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు కూడా గోడవైపు కూర్చోలేదు, ఇవతల కమ్మీకి ఆనుకున్నాడు. పక్కన ఆయాసం వినిపించింది. అది ఆమెదో తనదో తెలియలేదు.

"గా దినం 'ఈమె మా ఇంటామె సార్, నేనే దిగుత' అనాల్సిండె," అన్నాడు పక్కకు తిరిగి. "గంతే కద. గా ఒక్క మాట రాకపాయె."

జవాబు కోసం చాలాసేపు చూశాడు. ఆయాసం కొంచెం కొంచెంగా నెమ్మదించింది. తల కమ్మీకి ఆన్చాడు.

ఐదు దాటాక హిమజ లిఫ్టు కోసం నిలబడకుండా మెట్ల మీదుగా దిగింది. లిఫ్టాయన నిద్రపోతున్నాడనుకుంది. లేపబుద్ధి కాలేదు. క్లినిక్‌లో ఇచ్చిన నీళ్ల సీసా అతని పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. ఆరింటికి సుమిత్ర తడిగుడ్డ కట్టెతో పైనుంచి తుడుచుకుంటూ ఆ మలుపుకు వచ్చింది.

"జెర కాళ్లు తియ్యి అన్నా," అంది.

ఇంకోసారి అంది. మూడోసారి అనబోయి, కట్టె గోడకు ఆనించి, వంగి అతని ముఖంలోకి చూసింది. అతనికీ గోడకూ మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. ఆ జాగాలో మూత తీయని చల్లటి నీళ్ల సీసా, దాని చుట్టూ పట్టిన తడి కారి మెట్టు మీద చిన్న గుండ్రటి మరకైంది.