సోములమ్మ ఊట

బొర్రా దాటాక రెండో సొరంగం నోటి దగ్గర బుధు ఆగి, చేతికర్రతో పట్టాల పక్క కంకరను తడిమాడు.

“మెల్లగ రా అమ్మా. మంచుకి రాయి జారతాది.”

వెనకాల హేమలత. మెడలో కెమెరా, చేతిలో పటం. రెండో లైను పని మొదలవబోతోంది. ఆలోగా ఈ పాత రైలుదారి వెంట ఏయే చోట్లతో మనుషుల బతుకులు ముడిపడి ఉన్నాయో వెతికి గుర్తు పెట్టడం ఆమె పని. పటంలోకి ఎక్కిన చోటును ముట్టుకోకుండా వదిలేస్తారు. ఎక్కనిది కొత్త లైనుకు కట్టే గోడ కిందికి పోతుంది. ఈరోజుతో ఆమె తిరుగుడు ఆఖరు.

బుధు పొట్టి మనిషి. స్లీపర్లు మోసిన కుడిభుజం రెండోదానికన్నా కిందికి దిగింది. మడమల పగుళ్లలో గ్రీజు నలుపు ఇంకా వదల్లేదు. పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరేనాటికి మీసం మొలవలేదు, దిగేనాటికి పళ్లు మిగల్లేదు. ఆ మధ్య బతుకంతా ఈ మలుపుల్లోనే గడిచింది. దానికి అతనికి చింత లేదు. “ఈ లైనే నాకు కూడెట్టింది” అంటాడు.

పొద్దుటి నుంచి వంతెనలు చూపించాడు. కొండచరియ విరిగిపడ్డ చోటు, సొరంగం పని మొదలెట్టేముందు కూలీలు కోడిని కోసిన బండ, అన్నీ చూపించాడు. చూపించాలనుకున్నది మాత్రం నోట రావడం లేదు.

మలుపు అవతల ఒక ఊట ఉంది. అతని భార్య సోములమ్మ తవ్వింది. ఆమె పోయి ఏళ్లయింది. వాళ్ల వాడలో ఒక కట్టుబాటు ఉంది. ఊట తవ్వినవాళ్లు గానీ వాళ్ల ఇంటివాళ్లు గానీ ‘ఇది మాది’ అనకూడదు. అలా అంటే ఊట ఇంకిపోతుందంటారు. పొరుగువాళ్లు చెబితే తప్పులేదు.

అందుకే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా హేమలతను అటూ ఇటూ తిప్పి, గ్యాంగు అన్నానికి కూర్చునే వేళకు మలుపు దాటించాడు.

గ్యాంగు మేటు అప్పారావు క్యారేజీ మూత తీస్తూ నవ్వాడు. శృంగవరపుకోట మనిషి.

“ఏటి తాతా! సొరంగాలు సూపిత్తానని సెప్పి మేడమ్‌ని సోములమ్మ ఊట కాడికి తెచ్చీసినావేటి?”

“సోములమ్మ ఎవరు?” అంది హేమలత.

బుధు పట్టాల వైపు చూశాడు.

“ఈ తాత పెళ్లామేనండి. ఈయన సెప్పడు, మేమే సెప్పాల. ఎనకటి గ్యాంగోలు దాహమేత్తే లోయలోకి దిగీవోరంట. ఈయనకి కూడట్టుకొచ్చినప్పుడు ఆవిడ ఇక్కడ రాయి సెమ్మగిల్లడం సూసి గునపం ఏసింది. ఇప్పటికీ మా అందరికీ ఈ నీళ్లే.”

హేమలత వంగి దోసిలితో తాగింది. తర్వాత పటం మోకాలి మీద పరిచి, గుర్తు పెట్టి, పేరు రాసింది.

“ఇక ఇటు గోడ రాదు తాతా.”

బుధు రెండు చేతులూ జోడించాడు. ఆమెకు, గ్యాంగుకు, చివరికి కొండకు కూడా.

“పొద్దుట్నించి తిప్పి మా నోట సెప్పించినావు. గట్టోడివే!” అన్నాడు అప్పారావు.

“నానేటన్నాను?” అన్నాడు బుధు, బోసినోటితో నవ్వుతూ.

సాయంత్రం ఆమెను పాసింజరు ఎక్కించాడు. “చిక్కుళ్లు కాసినప్పుడు రా అమ్మా” అన్నాడు. ఇంటికి మాత్రం పోలేదు. మళ్లీ ఊట వైపు నడిచాడు.

పని దిగి కాళ్లు కడుక్కోవడానికి వచ్చిన గ్యాంగుకు, బండకు ఆనుకుని కూర్చుని కనిపించాడు.

“తాతా, బేగి లెగు. సీకటడతంది” అని అప్పారావు భుజం తట్టాడు. తాత తల పక్కకు ఒరిగింది. అప్పారావు చెయ్యి అక్కడే ఉంచేశాడు. కాసేపటికి రెండో చేత్తో తన తలగుడ్డ తీశాడు.

ఊట గట్టు మీద అప్పుడే కుట్టిన అడ్డాకు దొప్పలు రెండున్నాయి. ఒకటి ఖాళీ. రెండోది అంచుదాకా నీళ్లతో, తొణక్కుండా.