పందొమ్మిది నీలి చేతులు

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. ఎమ్మిగనూరులో గిడ్డయ్య ఉండే వీధిలో ఇరవై మగ్గాలు. ఉన్న నూలు నెలాఖరుకు అయిపోతుంది, ఆ తర్వాత పస్తే. అప్పుడొచ్చాడు ఆదోని మందుల ఏజెంటు వెంకోబారావు. గాయాలకు అంటించే ప్లాస్టరు పట్టీలు చేసే కంపెనీకి గుడ్డ కావాలట. మన మగ్గం గుడ్డతో చేసిన పట్టీ ఒకటి, మిల్లు గుడ్డవి రెండు చొప్పున ఇరవై మంది నేతగాళ్ల ఎడమ చేతులకు అంటించాడు. ఏడు రోజులు అలాగే పని చేయాలన్నాడు. మన పట్టీ నిలిస్తే వీధి మొత్తానికి ఏడాది పని.

మనుషుల్ని పోగుచేసింది వీధి పెద్ద నరసన్న. గిడ్డయ్య, అతను ఒకే మగ్గం గుంటలో నేత నేర్చినవాళ్లు.

గిడ్డయ్య చెయ్యి తడవకుండా నీళ్లు పోసుకున్నాడు, దురద పెడితే పళ్లు బిగబట్టాడు. నాలుగో రోజు చెమటకు మన పట్టీ ఊడి గుంటలో పడింది. దాన్ని పట్టుకుని నేరుగా నరసన్న దగ్గరికి పోయాడు. ఉన్నది ఉన్నట్టు ఏజెంటుకు చెబుదామన్నాడు. తప్పు గుడ్డది కాదు, జిగురుది. మార్చి మళ్లీ చూడమందామన్నాడు. నరసన్న సరేనని తలూపాడు.

ఆ సాయంత్రమే నరసన్న భార్య రుద్రమ్మ చెంబు తెచ్చి గంజి పోయించుకుపోయింది. పడుగుకు పెట్టే జొన్న గంజి వీధి మొత్తానికీ కాచేది గిడ్డయ్యే. తెల్లారి ఇంకో నలుగురు, ఆ తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. ఎందుకని అడగలేదు. నేతగాడు గంజి అడిగితే ఎందుకని అడుగుతారా ఎవరైనా?

ఏడో రోజు అందరూ నరసన్న అరుగు మీద కూర్చున్నారు. పందొమ్మిది చేతులకు మన పట్టీ గట్టిగా ఉంది. వెంకోబారావు ముఖం వెలిగింది. ఒక్కొక్కటీ పీకాడు. కింద తోలు ఎర్రగా రేగి ఉంటే పాపమని సంచిలోంచి టింక్చరు అయోడిన్ తీసి దూదితో అద్దాడు. మొదటి చెయ్యి నల్లటి నీలంగా మారింది. రెండోదీ అంతే. ఆఖరుదాకా అద్దాడు. పందొమ్మిదీ నీలం. గిడ్డయ్య చెయ్యి ఒక్కటే మామూలుగా గోధుమరంగైంది.

మందుల మనిషికి తెలియంది కాదు. గంజి మీద టింక్చరు పడితే నీలమే అవుతుంది. సీసాకు మూత పెట్టి, ఇది ఎవరి పని అని అడిగాడు.

నరసన్న ఏమాత్రం తడుముకోలేదు. "గంజి కాసేది గిడ్డన్న ఒక్కడే సారూ. పట్టీ జారుతాంటే మందని సెప్పి మా అందరికీ పూసినాడు. తన సేతికి మాత్రం పూసుకోలేదు, సూడండి ఎంత తెలివో."

గిడ్డయ్య పద్దెనిమిది ముఖాలు వెతికాడు. అన్నీ నేల చూస్తున్నాయి. తాను చెయ్యి పట్టుకుని మగ్గం మీద నాడె విసరడం నేర్పిన సిద్ధప్ప పక్కనే ఉన్నాడు.

"సిద్ధప్పా, నువ్వైనా సెప్పప్పా."

"నాకేం తెల్దన్నా."

వెంకోబారావు సంచి సర్దుకుని బస్సెక్కాడు. పనీ పోయింది, గిడ్డయ్య పేరూ పోయింది. ఒకడు అబద్ధమాడితే పద్దెనిమిది మంది మోశారు. ఇదీ మన ఐకమత్యం.

మరునాడు పొద్దున్నే నరసన్న పడుగు వీధిలో సాగదీశారు. దానికి గంజి పెట్టడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు, వీధంతా చెయ్యి వేయాలి. ఏమీ జరగనట్టే గిడ్డయ్యకు కబురు పంపారు. అతను కుండ మోసుకొచ్చాడు. ఎండాకాలంలో బనీను తప్ప తొడగని మనుషులు అందరూ నిండు చేతుల చొక్కాలు వేసుకుని నిలబడి ఉన్నారు.

గిడ్డయ్య కుండ దించాడు.

"సొక్కాలు తడుస్తాయి. సేతులు పైకి మడవండప్పా."

ఎవరూ మడవలేదు. ఎండెక్కింది. కుండలో గంజి మీగడ కట్టింది. అతను పక్కనే గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాడు.