ముద్ర పడని నాణెం

లంగరు ముద్ర లేని కంచు నాణేలు ఇక చెల్లవని సినోపె రేవులో చాటింపు వేశారు. అది విన్న చేపలమ్మి మిర్తో చేతిలోంచి బుట్ట జారిపోయింది. తొమ్మిది రోజుల క్రితం భర్త దియోస్‌ను పాతిపెట్టినప్పుడు, పోయినవాళ్లను అవతలి ఒడ్డుకు దాటించే పడవవాడి కోసం అతని నోట్లో ఆమె పెట్టింది పాత నాణెమే.

నాణేలకు ముద్ర వేసే లీసాస్ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, పాతది పెట్టి పంపాను. పడవ ఎక్కించుకుంటాడంటావా?"

లీసాస్ నవ్వాడు. "పిచ్చి తల్లీ, ఆ పడవవాడేమన్నా మన సంతలో చేపలు కొంటాడా? వాడికెందుకు ఈ ముద్రలు?"

"నువ్వెళ్లి చూసొచ్చావా?"

అతను నవ్వు ఆపేసి, ఆమె ఇచ్చిన మరో నాణెం మీద ముద్ర కొట్టాడు.

దియోస్ సమాధిలోకి నైవేద్యంగా తేనె పోయడానికి పెట్టిన మట్టి గొట్టంలో మిర్తో ఆ నాణేన్ని వదిలింది. అది గలగలమంటూ దిగి లోపల ఎక్కడో ఆగింది. ఆమె గొట్టానికి నోరు ఆనించింది.

"చెయ్యి చాచి అందుకో, దియోస్."

ఆ చేతులు రెంటినీ గుడ్డతో బిగించి చుట్టింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది.