ఒక్కడే తిరిగొచ్చిన సరంగు

నాగదుర్గాప్రసాద్ కొత్త పడవకి ‘గ్రీకు రాజు’ అని పేరు పెట్టడానికి కారణం నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకూ మీకూ సుఖం.

లీలావతి మేడమంటే అమలాపురంలో ఇంటర్ చదివినవాళ్ళకి తెలుస్తుంది. ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. అందులో ఇరవై ఏళ్ళు ఆ రాజు పాఠం చెప్పాను. అసలు పేరుకి ఎవరికీ నోరు తిరగక మా క్లాసులో ఆయన గ్రీకు రాజైపోయాడు. యుద్ధం గెలిచి పడవల మీద ఇంటికి బయల్దేరతాడు. దారిలో ఒంటికన్ను రాక్షసుడి గుహలో చిక్కుకుంటాడు. వాడి కన్ను పొడిచి, మిగిలినవాళ్ళని తీసుకుని బయటపడతాడు. పడవెక్కాక వెనక్కి తిరిగి, నీ కన్ను పొడిచింది ఎవరో తెలుసుకో అంటూ తన పేరు చెప్పి అరుస్తాడు. ఆ అరుపు నేను బల్ల గుద్ది మరీ అరిచేదాన్ని. పక్క గదిలో లెక్కలు చెప్పే నారాయణమూర్తిగారు సుద్దముక్క జారవిడిచేవారు.

పాఠం అక్కడితో అయిపోతుంది. చివర్లో పది మార్కుల ప్రశ్న: ఇతడు వీరుడేనా? అవునన్నవాళ్ళకి ఎనిమిదికి తక్కువ వేసేదాన్ని కాదు. కాదని రాసినవాళ్ళు లేరు.

ప్రసాద్‌ది సముద్రపొడ్డున ఓడలరేవు. ఆ పాఠం నోరు తెరుచుకుని విన్నవాళ్ళలో మొదటివాడు. ఇంటర్‌తో చదువాపి, పన్నెండేళ్ళు ఇతరుల పడవల మీద పనిచేసి, ఈ ఏడు సొంత పడవ కట్టించుకున్నాడు. దాన్ని నడిపే సరంగూ తనే. పడవకి పూజ చేసిన రోజు నన్నూ పిలిచాడు. వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు, నేను పక్కన నిలబడి ప్రార్థన చేసుకున్నాను. సముద్రం మీదకెళ్ళేవాడికి ఎన్ని దిక్కులుంటే అంత మంచిది. నీలం పడవ మీద ఎర్రటి అక్షరాలతో మా రాజు పేరు చూసి పొంగిపోయాను కూడా.

జూన్ పధ్నాలుగుతో చేపల వేట మీద నిషేధం అయిపోతుంది. దానికి మూడు రోజుల ముందు పొద్దున్నే ప్రసాద్ ఫోన్ చేశాడు.

"మేడమ్ గారండీ, ఆ రాజుగారి వెంట వెళ్ళినోళ్ళందరూ పోయేరంట గదండీ. నిజవేనాండీ?"

నిజమేనన్నాను. ప్రసాద్ మేనకోడలు సత్యదుర్గ డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల కథంతా ఫోన్లో చదివి, వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పిందట. పన్నెండు పడవల వాళ్ళు బయల్దేరితే ఇల్లు చేరింది రాజొక్కడే. మర్నాటికల్లా ప్రసాద్ పడవలో పనికి కుదిరిన ఆరుగురు కళాసీలూ ఈ పడవ ఎక్కేది లేదన్నారు. వేరే సరంగులు వాళ్ళని పిలవడానికి సిద్ధంగా ఉన్నారు. తొలి వేటకే కళాసీలు వదిలేసిన సరంగుని ఆ తీరంలో మళ్ళీ ఎవరూ నమ్మరు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండని ప్రసాద్ బతిమాలాడు.

నేనుండే అల్లవరం నుంచి ఆటోలో వెళ్ళాను. వలల పాక నీడలో ఆరుగురూ కూర్చున్నారు. వాళ్ళలో ఇంజను చూసే బాబ్జీ పెద్దవాడు. అతని తల్లి వీరాయమ్మ అందరికన్నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. ఆ రేవులో ఆవిడ మాటకి తిరుగులేదు.

నేను క్లాసులో నిలబడినట్టే నిలబడి వాదించాను. తప్పు రాజుది కాదన్నాను. గాలుల దేవుడు చెడ్డ గాలులన్నీ ఒక సంచిలో కట్టి ఇచ్చాడు, ఊరు కనబడేంత దగ్గరికొచ్చాక రాజు అలిసి నిద్రపోయాడు, బంగారముందనుకుని వెంటవాళ్ళు సంచి విప్పారు, పడవలు మళ్ళీ మొదటికొచ్చాయి. దానికి ఆయనేం చేస్తాడు?

"సంచిలో ఏవుందో వాళ్ళకి చెప్పేరాండీ?" అన్నాడు బాబ్జీ.

చెప్పలేదన్నాను. బాబ్జీ ప్రసాద్ వైపు చూశాడు. ప్రసాద్ తల దించుకున్నాడు.

ఇక లాభం లేదని నాకిష్టమైన అరుపు దగ్గరికొచ్చాను. పక్కనే నిలబడ్డ సత్యదుర్గ ఫోన్ తీసి మిగతాది చదివింది. ఆ రాక్షసుడి తండ్రి సముద్రానికి దేవుడు. ఫలానావాణ్ణి ఇంటికి చేరనివ్వకు, చేరినా ఒంటరిగా చేర్చు అని కొడుకు మొక్కుకున్నది, ఆ పేరు తెలిశాకే. వీరాయమ్మ అంతా విని నావైపు తిరిగింది.

"పేరు చెప్పుకోకుండా వచ్చేస్తే అందరూ ఇంటికెళ్ళిపోదురు గదండీ," అంది. "మా రేవులో సరంగు ఆఖర్న దిగుతాడండీ. అందరూ దిగేరో లేదో చూసుకుని దిగుతాడు. మీ రాజుగారు దిగేటప్పటికి పడవలో ఎవరున్నారండీ?"

అప్పటికి పడవే మిగల్లేదు. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే నవ్వూ వచ్చింది. ఇరవై ఏళ్ళు బల్ల గుద్ది అరిచింది ఏ అరుపా అని చూస్తే, అందరి కొంపా ముంచిన అరుపు! ఆ జవాబు పేపర్లన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ దిద్దాలనిపించింది. ఈపాటికి ఏ చింతపండు పొట్లాలయ్యాయో.

ప్రసాద్ లేచి పాకలోంచి నీలం రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. ఎవరినీ అడగకుండా ఎర్ర అక్షరాల మీద తనే రంగు పులిమేశాడు. కుంచె చేతిలో ఉండగానే కళాసీల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కొత్తదని చెప్పేను గానీ ఇంజను కొత్తది కాదండీ. పాతదే బాగుచేయించి పెట్టేను. చూద్దామని పడవ ఒక్కణ్ణే తీసుకెళ్తే రెండుసార్లు ఆగిపోయింది. చెప్తే ఎక్కరని చెప్పలేదు."

ఎవరూ కదల్లేదు. ఉన్న పేరు కాస్తా పోయింది, ఇప్పుడు మనుషులూ పోతారనుకున్నాను.

"తెలుసురా," అన్నాడు బాబ్జీ. "చప్పుడు వింటే తెలీదా? నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నాను." పంచె ఎగ్గట్టి పడవ వైపు నడిచాడు. మిగతా ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని అతని వెనకే వెళ్ళారు.

మూడు రోజులూ ఇంజను విప్పి, అరిగిన సామాను మార్చి, మళ్ళీ బిగించారు. నిషేధం తీరిన పొద్దున పేరు లేని పడవ, నంబరు మాత్రం వేసుకుని, ఏడుగురితో వేటకి పోయింది. ఆ ఐదు రోజులూ అల్లవరంలో నాకు అన్నం సహించలేదు. వాన చినుకు పడినా ప్రసాద్ భార్యకి ఫోన్ చేసేదాన్ని.

ఆరో రోజు పడవ వస్తోందని తెలిసి పరిగెత్తాను. ఆడవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. చేపలు ఎన్నొచ్చాయని ఎవరూ అడగలేదు. వీరాయమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. బాబ్జీ దిగాడు, తర్వాత ఒక్కొక్కరే ఐదుగురూ దిగారు. ప్రసాద్ పడవలోనే నిలబడి అందరూ ఇసక మీదకి చేరేదాకా చూశాడు. అప్పుడు దిగాడు. నేనూ వేళ్ళు మడుస్తున్నానని ఏడో వేలు దగ్గర తెలిసింది.

తడిబట్టలతోనే నా దగ్గరికొచ్చి, పడవకి ఏం పేరు పెట్టమంటారని అడిగాడు. నా పేర్ల సంగతి చూశావుగా, వీరాయమ్మగారినడుగు అన్నాను.

ఆవిడ బాబ్జీ భుజం మీద ఇసక దులుపుతూ, "పేరుకేం తొందరండీ," అంది. "ఇంకో పదిసార్లు ఇలాగే దిగనివ్వండి."